అడ్డంగా సాగిన పంతొమ్మిది కుక్కలు

మా బాబాయి ఇంటికొస్తున్న సంగతి వీధి మలుపులోనే తెలిసిపోయేది. ముందు నవ్వు వినిపించేది, తర్వాత సైకిలు బెల్లు, ఆ తర్వాత మనిషి. ఒంటి మీద తడిసిన కుక్క వాసన ఒకటి, దాని మీద మందునీళ్ళ వాసన ఒకటి. పిన్ని గుమ్మంలోనే సబ్బూ తువ్వాలూ చేతికిచ్చి పెరటి కొళాయి వైపు తోలేసేది.

"ఇంట్లోకి మనిషి ఒక్కడే రావాలి. వెంట వచ్చినవన్నీ బయటే ఉండాలి" అనేది. వెంట వచ్చినవంటే వెంట్రుకలు.

బాబాయి జంతువుల షెల్టర్లో కాంపౌండరు. ఇరవై మూడో ఏట నేల కడిగే పనికి చేరాడు. కుక్కని కదలకుండా పట్టుకోవడం, పుండు కడిగి కట్టు కట్టడం, మాత్రని నాలుక వెనక్కి జార్చి గొంతు నిమరడం, అన్నీ చూసి నేర్చుకున్నవే. డాక్టర్లు ఐదుగురు మారారు కానీ కాంపౌండరు మారలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో పదకొండుసార్లు కరిపించుకున్నాడు. ప్రతి గాటూ చూపించి "తప్పు నాదే" అనేవాడు. "ఇది నిద్రలో లేపినందుకు. ఇది తింటుంటే పలకరించినందుకు. ఈ పెద్దది మాత్రం దాని పిల్లని చూసి బాగుందని ఎత్తుకున్నందుకు."

వచ్చిన కుక్కకల్లా పేరు పెట్టడం ఆయన వంతే. ఆఫీసు గుమ్మంలో కాగితాల కట్ట మీద గడ్డం ఆనించి కూర్చునేది గుమాస్తా. ఒక్కసారి మొరిగి షెడ్డంతా నిశ్శబ్దం చేసేది హెడ్మాస్టరు. ఎవరి పళ్ళెంలో తిండి తగ్గినా తన పళ్ళెం ముందుకు తోసేది పెద్దక్క. నోరు తెరిస్తే ఆవులించడానికి తప్ప తెరవనిది ఆవులింత.

ఆ సంవత్సరం షెడ్ల పైకప్పు రేకులు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. పాతిక కుక్కలకి కట్టిన షెడ్లలో నలభై మూడు ఉన్నాయి. వానలు మొదలయ్యేలోగా రేకులు మార్చాలి, మార్చాలంటే రెండు షెడ్లు ఖాళీ చెయ్యాలి. డాక్టరమ్మ లెక్క చూసుకుని ఒక పూట ఆలోచించి, చివరికి బాబాయిని పిలిచి చెప్పింది.

"కాంపౌండరు గారూ, వీటిల్లో సగమైనా ఎవరింటికైనా దత్తత వెళ్ళాలి. లేదంటే వ్యాను మాట్లాడి పక్క ఊరి షెల్టరుకి పంపించెయ్యాలి. అక్కడ ఇంతకన్నా ఇరుకట."

ఆ సాయంత్రం వీధి మలుపులో సైకిలు బెల్లు మాత్రమే వినిపించింది.

దత్తతల కోసం డాక్టరమ్మ అప్పటికే సెలవురోజుల్లో కూర్చుని ఒక వెబ్‌సైటు తయారుచేసింది. ఫోటోలు తీసింది బాబాయి. కుక్క కళ్ళూ మన కళ్ళూ ఒక ఎత్తులో ఉండాలని ఆయన సిద్ధాంతం. అందుకని కెమెరా పట్టుకుని నేల మీద బోర్లా పడుకునేవాడు. మోచేతుల దగ్గర చొక్కాలన్నీ చిరిగాయి. నిలబడ్డ కుక్కకి కెమెరా అడ్డంగా పట్టుకుని, కూర్చున్న కుక్కకి నిలువుగా పట్టుకుని, నలభై మూడింటికీ నలభై మూడు మంచి ఫోటోలు తీశాడు. డాక్టరమ్మ వాటిని ఉన్నవి ఉన్నట్టు సైటులో పెట్టేసింది. మూడు నెలల్లో మూడే ఫోన్లు వచ్చాయి. ఒకరు చిలకలున్నాయా అని అడిగారు. ఒకరు టైర్ల కొట్టనుకున్నారు. మూడో ఆయన, "మీ పేజీ తెరుచుకోవడం లేదు, నా ఫోను వేడెక్కిపోతోంది" అని తిట్టి పెట్టేశాడు.

పిన్ని ఆ మాట పట్టుకుంది. పిన్ని సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏదైనా ఆలస్యమైతే ఎంత ఆలస్యమో నిమిషాల్లో తేలిస్తే గానీ ఆవిడకి నిద్రపట్టదు. ఫోను గోడకి ఆనించి, పేజీ తెరిచి, పొయ్యి మీద పాలు పెట్టింది.

"చెవులొచ్చాయి" అంది కాసేపయ్యాక. ఫోటో పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగుతోంది. "నుదురొచ్చింది. కళ్ళింకా రాలేదు." పాలు పొంగాయి. దించింది, చల్లార్చింది, గ్లాసుల్లో పోసింది. "కళ్ళొచ్చాయండీ! పాపం, ఎంత జాలిగా చూస్తోందో! ముక్కొచ్చేలోగా ఎవరుంటారు చెప్పండి? నేనైతే ఈపాటికి రెండు స్టాపులు దాటించేదాన్ని."

అలా నా దగ్గరికి వచ్చాడు బాబాయి. నేను అచ్చాఫీసులో పేజీలు కూర్చే పని చేస్తాను. ఫోటోలు చిన్నవి చెయ్యడం నాకు రోజూ ఉన్నదే. ఆయన తెచ్చిన ఫోటోలు చూశాను. ఒక్కొక్కటీ ఏడేసి ఎంబీలు.

"బాబాయ్, ఇందులో ఒక్కో బొమ్మా నాలుగు వేల చుక్కల వెడల్పు, మూడు వేల చుక్కల ఎత్తు. గోడంత పోస్టరుకి సరిపోతుంది. ఫోన్లో చూసేవాళ్ళకి ఎనిమిది వందల చుక్కలుంటే చాలు. సైజు తగ్గించి పెడితే పేజీ చిటికెలో తెరుచుకుంటుంది."

"మరి మిగతా చుక్కలు?"

"పోతాయి."

బాబాయి మొహంలో రంగు మారింది. "కుక్కలో ఏ భాగం పోతుందమ్మా?"

"ఏదీ పోదు. చుక్కలు పోతాయి, కుక్క ఉంటుంది."

నమ్మలేదు. నా ఎదురుగానే ఒకటి చేసి చూస్తానన్నాడు. ఎనిమిది వందలు కొట్టబోయి ఎనభై కొట్టాడు. హెడ్మాస్టరు ఆవగింజంత అయిపోయాడు. బాబాయి జేబులోంచి పిడుదుల్ని వెతికే భూతద్దం తీసి తెరకి ఆనించి చూసి, "ఉన్నాడు, ఉన్నాడు, తోక కూడా ఉంది!" అని కుర్చీలోంచి లేచాడు. మా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పెద్దాయన కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని మరీ వచ్చి చూశాడు.

నాలుగుసార్లు చేయించాక చెయ్యి కుదిరింది. అసలు ఫోటో ముట్టుకోకూడదని, కాపీ తీసి కాపీ మీదే చెయ్యాలని పదేపదే చెప్పాను. మరిచిపోకుండా చీటీ రాసిచ్చాను: కాపీ తియ్యి, వెడల్పు ఎనిమిది వందలు, ఎత్తు ఆరు వందలు, సేవ్ చెయ్యి, సైటులో ఎక్కించు. చీటీని చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి ఒకసారి తట్టుకుని వెళ్ళాడు.

ఆ చీటీలో సగం సంగతే ఉంది. అడ్డంగా తీసిన ఫోటోలకి ఆ కొలత అతికినట్టు సరిపోతుంది. నిలువుగా తీసిన ఫోటోలకి ఏం చెయ్యాలో నేను రాయలేదు. నిలువువి పంతొమ్మిది ఉన్నాయన్న సంగతి కూడా చూడలేదు.

ఆదివారం నాడు షెల్టరు ఆఫీసులో పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు బాబాయి. కాళ్ళ మీద గుమాస్తా పడుకుంది. అడ్డం ఫోటోలు ఇరవై నాలుగూ వరసగా నడిచిపోయాయి. నిలువు ఫోటో రాగానే పేచీ మొదలైంది. వెడల్పు గడిలో ఎనిమిది వందలు కొడితే ఎత్తు గడిలో దానంతటదే వెయ్యీ అరవై ఏడు వచ్చి కూర్చుంటుంది. దాన్ని చెరిపి ఆరు వందలు కొడితే, ఈసారి వెడల్పు తగ్గిపోయి నాలుగు వందల యాభై అవుతుంది. ఒకటి సరిచేస్తే ఇంకోటి మారుతుంది. అరగంట కుస్తీ పట్టాక, రెండు గడులకీ మధ్య చిన్న గొలుసు బొమ్మ కనిపించింది. దాని మీద నొక్కాడు. గొలుసు విడిపోయింది. ఆ తర్వాత ఏ అంకె కొడితే అదే నిలిచింది.

ఆ గొలుసే ఫోటో కొలతల్ని ఒకదానికొకటి కట్టి ఉంచేది. అది విప్పేసరికి, బుద్ధిగా నిటారుగా కూర్చున్న పంతొమ్మిది కుక్కలూ పైనుంచి నొక్కినట్టు కుంగి, పక్కలకి దాదాపు రెండింతలు సాగిపోయాయి. మెడలు మాయమయ్యాయి. బక్కపలచటి హెడ్మాస్టరుకి దిండ్లలాంటి బుగ్గలొచ్చాయి. పెద్దక్క ముగ్గురు కూర్చునే సోఫాలా తయారైంది. గుమాస్తా నవ్వు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పాకింది.

మరి చూసుకోలేదా అంటే, చూసుకున్నాడు. తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

"చూశానమ్మా. ముచ్చటేసింది. ముప్పై ఏళ్ళుగా పెడుతున్న తిండి ఒంటికి పట్టినట్టు ఒక్కరోజైనా కనిపించలేదు కదా! చిన్నవి చేస్తే నిండుగా కనిపిస్తాయి కాబోలు అనుకున్నాను."

నలభై మూడూ ఎక్కించేసి, దీపాలు పెట్టకముందే ఇల్లు చేరాడు. ఆ రోజు నవ్వు మళ్ళీ మలుపులోనే వినిపించింది.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి డాక్టరమ్మ ఆఫీసు తాళం తీస్తుండగానే లోపల ఫోను మోగుతోంది.

"ఏమండీ, రాత్రి మా వీధి గ్రూపులో ఎవరో మీ పేజీ పంపారు, ఆ సోఫాలా ఉందే, ఆ కుక్క ఇంకా ఉందాండీ?"

"సోఫా ఏంటండీ? ఇది షెల్టరు."

"అదేనండీ! ఆ సోఫా కుక్క! దాని పక్కనే ఇస్త్రీ చేసినట్టు ఇంకోటుంది చూడండి, అది కూడా!"

పెట్టగానే మళ్ళీ మోగింది. నాలుగో ఫోనుకి డాక్టరమ్మ ఒక చేత్తో రిసీవరు పట్టుకుని రెండో చేత్తో సైటు తెరిచింది. రెప్పపాటులో తెరుచుకుంది. చూసి, మెల్లిగా కుర్చీలో కూలబడింది.

"కాంపౌండరు గారూ! హెడ్మాస్టరుకి ఏమైంది? ఒళ్ళు వాచిందా?"

బాబాయి థర్మామీటరు లాక్కుని షెడ్డులోకి పరుగెత్తాడు. హెడ్మాస్టరు పక్కటెముకలు లెక్కపెట్టేంత చక్కగా, సన్నగా, నిటారుగా కూర్చుని ఉన్నాడు. జ్వరం లేదు. వాపు లేదు. అయినా ఎందుకైనా మంచిదని మిగతావాటికి కూడా వరసగా థర్మామీటరు పెట్టడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ వెనకే వచ్చి, గుమ్మంలో నిలబడి, అప్పటికి అసలు సంగతి బోధపడి, ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పది నిమిషాల్లో నాకు ఫోను. అచ్చాఫీసులో సైటు తెరిచి చూసినదాన్ని చూసినట్టే బల్ల మీద వాలిపోయాను. నవ్వి నవ్వి డొక్కలు పట్టేశాయి. ప్రూఫుల పెద్దాయన అయితే గోడ వైపు మొహం తిప్పుకుని భుజాలు కుదుపుతూ నవ్వుతున్నాడు. కాస్త ఊపిరందాక అడిగాను.

"బాబాయ్, రెండు గడుల మధ్య గొలుసు ఉంటుంది చూడు. దాన్ని ఏమైనా చేశావా?"

"విప్పాను."

"ఎందుకు విప్పావ్?"

చిన్న గొంతుతో అన్నాడు. "గొలుసు కనిపిస్తే విప్పడమే కదమ్మా నా పని. పొద్దున్న లేస్తే చేసేది అదే."

నాకు మళ్ళీ నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. చీటీలో తప్పు నాదేనని చెప్పాను. నిలువు ఫోటోకి ఎత్తు ఎనిమిది వందలు మాత్రమే కొట్టి, వెడల్పు సంగతి గొలుసుకే వదిలెయ్యాలన్నాను.

డాక్టరమ్మ నవ్వు ఆగాక ఆవిడకి బెంగ పట్టుకుంది. "ఇవి చూసి వచ్చినవాళ్ళకి అసలు కుక్కల్ని చూపిస్తే ఏమంటారండీ? మోసం చేసినట్టు కాదూ? వెంటనే మార్చెయ్యండి." బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి, నన్ను ఫోన్లో పెట్టుకుని, పంతొమ్మిదింటినీ సరిచేసి ఎక్కించాడు.

ఇక గొడవ వదిలిందనుకున్నారు. మంగళవారం ఫోన్లు ఇంకా ఎక్కువయ్యాయి. "లావు కుక్కలు ఏవండీ? నిన్న మా ఆఫీసంతా చూసింది, ఇవాళ మా అమ్మకి చూపిద్దామంటే లేవు." "అప్పుడే అన్నీ వెళ్ళిపోయాయా? అయ్యో, నేను రాత్రే ఫోన్ చెయ్యాల్సింది!" ఒకావిడైతే నిజంగానే ఏడ్చింది.

డాక్టరమ్మ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. చివరికి ఉపాయం చెప్పింది బాబాయే. "అమ్మా, రెండూ పెట్టేద్దాం. జరిగింది జరిగినట్టు చెప్పేద్దాం." పంతొమ్మిది కుక్కలకీ సాగిన ఫోటో పైన, అసలు ఫోటో కింద పెట్టారు. కింద ఏం రాయాలో డాక్టరమ్మ రెండు పేరాలు తయారుచేస్తుంటే, బాబాయి అవతలి నుంచి వంగి రెండు ముక్కలు టైపు చేశాడు: "పైది నా పొరపాటు. కిందిది కుక్క." దత్తతకి ఆదివారం ఉదయం నుంచి రావచ్చని డాక్టరమ్మ కింద చేర్చింది.

ఆదివారం పొద్దున్నే బాబాయి నుంచి ఇంటికి ఫోను. "ఏమోయ్, కొంచెం వస్తావా? గేటు బయట వంద మంది ఉన్నారు. డాక్టరమ్మ బల్ల ఎక్కి అరుస్తోంది, ఎవరికీ వినపడట్లేదు."

పిన్ని ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా షెల్టరు గడప తొక్కలేదు. ఆ రోజు బీరువాలోంచి పాత విజిలు తీసింది, నన్ను వెంటేసుకుని బయల్దేరింది.

గేటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. లోపల నలభై మూడు కుక్కలు ఒకేసారి మొరుగుతున్నాయి. పిన్ని విజిలు పెట్టి ఒక్క ఊదు ఊదింది. జనం ఆగిపోయారు. కుక్కలు కూడా ఆగిపోయాయి. హెడ్మాస్టరు సైతం గౌరవంగా చూశాడు.

"వరసలో రండి! లోపల బోలెడు ఖాళీ ఉంది, ముందుకు జరగండి! చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చోటివ్వండి! ఏవండీ టోపీ ఆయనా, అక్కడ వేలాడకండి, లోపలికి రండి!"

అరగంటలో జనం దారిలో పడ్డారు. ఎవరికి ఏ కుక్క కావాలో పిన్ని చీటీల మీద రాసి చింపి ఇస్తోంది. బాబాయి కుక్కల్ని ఒక్కొక్కటిగా తెచ్చి చూపిస్తున్నాడు. డాక్టరమ్మ వాళ్ళ ఇంటి వివరాలన్నీ అడిగి, తీరిక ఉందా, వరండా ఉందా అని కనుక్కుని గానీ సంతకం పెట్టట్లేదు.

సోఫా కుక్క కోసం ఒక లావుపాటి టైలరమ్మ వచ్చింది. బాబాయి పెద్దక్కని తీసుకొచ్చి నిలబెట్టాడు.

"ఇదేనా?"

"ఇదేనండి. ఫోటోలో కాస్త పక్కకి సాగింది."

టైలరమ్మ పెద్దక్కని పైనుంచి కిందికి కొలిచినట్టు చూసింది. "నేనూ ఫోటోల్లో అలాగే పడతానండి. ఎవరూ నమ్మరు. ఇచ్చెయ్యండి, ఇంటికెళ్తాం" అంది. పెద్దక్క ఆవిడ చెప్పుల మీద గడ్డం పెట్టి అప్పుడే పడుకుంది.

ఒక లారీ డ్రైవరు ఆవులింతని అడిగాడు. "రాత్రంతా బండి నడిపి వస్తాను. ఇంట్లో నాతోపాటు పగలు పడుకునేవాళ్ళు లేరు" అన్నాడు. డాక్టరమ్మ అడగబోయిన ప్రశ్నలన్నీ మరిచిపోయి సంతకం పెట్టేసింది. స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ హెడ్మాస్టరు ఎదురుగా నిలబడింది. ఆయన ఒక్కసారి మొరిగాడు. ఆవిడ "ష్" అంది. ఆయన కూర్చున్నాడు. ఇద్దరికీ కుదిరింది.

ఒక్కొక్క కుక్కా గేటు దాటుతుంటే బాబాయి వాటి చెవిలో ఏదో చెప్పి పంపుతున్నాడు. ఏం చెబుతున్నావని అడిగితే చెప్పలేదు. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతూనే ఉంది. రెండూ ఒకేసారి చెయ్యడం ఆయనకి బాగా వచ్చు.

సాయంత్రం ముగ్గురం బస్సెక్కాం. సైకిలు అక్కడే వదిలేశాడు, కాళ్ళలో శక్తి లేదు. కూర్చున్నాక పిన్ని ఫోను తీసి ఆ పేజీ మళ్ళీ తెరిచింది. గుమాస్తా ఫోటో చూసి ఇద్దరూ ఫక్కుమన్నారు. తర్వాతి ఫోటోకి బాబాయి ముందు సీటు కమ్మీ మీద తల వాల్చేశాడు. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ఎవరో ఫోను అడిగి తీసుకున్నారు, అది సీటు సీటుకీ చేతులు మారి డ్రైవరు దాకా వెళ్ళబోతే కండక్టరు పట్టుకుని ఆపాడు, ఆపి తను చూశాడు.

"ఇన్నేళ్ళూ ఇంటికి వెంట్రుకలే తెచ్చారు కానీ, ఈ కబుర్లు తేలేదేం?" అంది పిన్ని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"సబ్బిచ్చి బయటికి తోసేస్తే ఎక్కడ చెప్పను?" అన్నాడు బాబాయి.

ఆ ఆదివారం, దాని తర్వాతి ఆదివారం కలిపి ఇరవై ఏడు కుక్కలు ఇళ్ళు చేరాయి. మొదటి వాన పడేసరికి కొత్త రేకులు పడ్డాయి. వ్యాను అవసరం రాలేదు. గుమాస్తాని మాత్రం ఎంతమంది అడిగినా డాక్టరమ్మ ఇవ్వలేదు. ఆఫీసు నడవదంది.

ఇప్పుడు ఫోటోలు చిన్నవి చెయ్యడంలో మా బాబాయిని మించినవాళ్ళు లేరు. కొత్త కుక్క వచ్చిన పూటే బోర్లా పడుకోవడం, తియ్యడం, కొలిచి తగ్గించడం, ఎక్కించడం అయిపోతుంది. కష్టమంతా మరోవైపు నుంచి వచ్చింది. కుక్కల్ని తీసుకెళ్ళినవాళ్ళు వాటి ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటి తొమ్మిది ఎంబీలు, పది ఎంబీలు. షెల్టరు మెయిలు పెట్టె వారంలో నిండిపోయి, మందుల కంపెనీ ఉత్తరం కూడా లోపలికి రాలేదు. బాబాయి వరసగా అందరికీ ఫోన్ చేసి, చిన్నవి చేసి పంపమని చెప్పి, ఎలా చెయ్యాలో ఓపిగ్గా నేర్పాడు. లారీ డ్రైవరు ఒక్కడే ఆవులింతవి రెండు వందల ఫోటోలు పంపాడు. అన్నీ నిద్రపోతున్నవే.

"బాబూ, ఒక్కటి చాలు. మంచిదొకటి ఏరి పంపండి" అన్నాడు బాబాయి.

"ఏది తీసెయ్యమంటారండీ? అన్నిట్లోనూ బాగానే పడుకుంది కదా" అన్నాడు డ్రైవరు.

బాబాయి ఫోను పెట్టి, ఆ పూట షెల్టరుకి వెళ్ళిన నా వైపు తిరిగాడు. "నిజమేనమ్మా, ఏది తీసేస్తాడు?" అని కుర్చీ ముందుకు లాక్కుని, రెండు వందలూ తనే ఒక్కొక్కటిగా చిన్నవి చెయ్యడం మొదలుపెట్టాడు. ప్రతి ఫోటోకీ ఒకసారి ఆవులిస్తూ, ఆవులించినందుకు ఒకసారి నవ్వుతూ, ఆ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాడు.